శాంతి దళం గడువు పెంచారా? తీర్మానం ఇలా చదవండి

మా డెస్కులో కొత్తవాళ్లు 'గడువు పొడిగింపు' అని హెడ్డింగ్ పెట్టేసి టీకి లేస్తారు. కూర్చోండి బాబూ, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానం తెరవండి. పైన నంబర్లు లేని పేరాలన్నీ మర్యాదలు, పాత తీర్మానాల స్మరణ. నంబర్లు వేసిన పేరాల దగ్గర మొదలెట్టండి.

ముందు దళం సంఖ్య వెతకండి, తేదీ తర్వాత. పశ్చిమాఫ్రికాలోని లైబీరియానే చూడండి. అంతర్యుద్ధం ముగిశాక 2003లో భద్రతా మండలి 1509వ తీర్మానంతో 15,000 మంది సైనికుల దాకా అనుమతిచ్చింది. 2016 డిసెంబరులో 2333వ తీర్మానం గడువును 2018 మార్చి 30 వరకు పెంచింది. సైనికుల పరిమితిని మాత్రం 434కు కోసేసింది. పేరుకే పొడిగింపు, జరిగింది మూటాముల్లె సర్దుకోవడం. హెడ్డింగ్ అదీ!

తర్వాత కిందటి తీర్మానాన్ని పక్కన పెట్టుకుని, అప్పగించిన పనులు ఒక్కొక్కటే పోల్చండి. ఏ పని మాయమైందో అదే వార్త.

ఓట్లా? పదిహేనులో తొమ్మిది కావాలి, అయిదు శాశ్వత సభ్య దేశాల్లో ఏదీ వీటో వేయకూడదు. తటస్థంగా ఉంటే వీటో కాదు. 2333కు ఫ్రాన్స్, బ్రిటన్, రష్యా అలాగే ఊరుకున్నాయి.

మనవాళ్ల సంగతి ఉంటే వదలొద్దు. సీఆర్పీఎఫ్ మహిళా దళాలు 2007 నుంచి 2016 దాకా లైబీరియాలో పనిచేశాయి. రెండు వాక్యాలు చాలు.