ఇంటి వర్క్‌షాపు గోడ మీద పెద్దల గుర్తులు: ఎలా అమర్చుకోవాలి?

కారు షెడ్డునో పెరటి గదినో చిన్న వర్క్‌షాపుగా మార్చుకుని, సెలవు రోజుల్లో వడ్రంగమో బండి మరమ్మతో చేసుకునే ఇళ్లలో, పనిముట్ల పక్కనే పనితో సంబంధం లేని వస్తువులు కొన్ని తప్పక కనిపిస్తాయి. తాతగారి చిత్రిక, నాన్నగారి ఫ్యాక్టరీ బిళ్ల, ఎప్పుడో అమ్మేసిన స్కూటరు తాళంచెవి, మూత పోయిన ఇత్తడి మరచెంబు వంటివి హాల్లోని అద్దాల బీరువాలో ఇమడవు, అటక మీద పడేయడానికి మనసొప్పదు. వాటిని షెడ్డు గోడకు ఎక్కించాలన్న ఆలోచన మంచిదే. అయితే ఇంటి మొత్తంలో వస్తువులు అన్నిటికన్నా త్వరగా పాడయ్యే చోటు షెడ్డేనని గుర్తుంచుకోవాలి. రంపపు పొట్టు, రేకుల కప్పు కింది వేడి, వానాకాలపు చెమ్మ, థిన్నరు ఆవిర్లు, గ్రైండరు రవ్వలు అన్నీ అక్కడే ఉంటాయి. కాబట్టి అమరిక అందంగా ఉండాలన్న ఆలోచన కంటే ముందు, ఏ వస్తువు ఆ వాతావరణాన్ని తట్టుకోగలదన్నది తేల్చుకోవాలి.

ముందుగా వస్తువులను ఏరుకోవాలి

ఉన్నవన్నీ ఒక పాత దుప్పటి మీద పరిచి మూడు కుప్పలుగా వేరు చేయండి. ఇనుము, ఇత్తడి, గట్టి కలప, రాయి, పింగాణీ వస్తువులు మొదటి కుప్పలోకి వస్తాయి. కొంచెం శ్రద్ధ తీసుకుంటే ఇవి షెడ్డులో ఏళ్ల తరబడి నిలుస్తాయి.

రెండో కుప్ప ఇంట్లోకే పోవాలి. కాగితం, ఫోటోలు, బట్ట, తోలు ఏవీ షెడ్డులో క్షేమంగా ఉండవు. తేలికైన తెల్ల పొణికి కర్రతో చేసి రంగులద్దిన కొండపల్లి బొమ్మలు చెమ్మకు, పురుగుకు లొంగిపోతాయి. ఏటికొప్పాక బొమ్మల మీది లక్క పూతకు వేడికి మెత్తబడే గుణం ఉంది. నాన్నగారి నియామక పత్రమో, 2013 జూలైలో ఆ సేవ ముగియక ముందు వచ్చిన ఏ టెలిగ్రామో గోడ మీద ఉండి తీరాలనుకుంటే, 600 డీపీఐలో స్కాన్ చేయించి నకలును ఫ్రేము కట్టించండి. అసలు కాగితం ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటుంది. ఫ్రేములో ఉన్నది నకలే అయినా చూసేవారికి తేడా తెలియదు, తెలిసినా ఎవరూ తప్పు పట్టరు.

మూడో కుప్ప మీద అభిప్రాయ భేదం ఉండవచ్చు. ఇప్పటికీ పనిచేసే పనిముట్లను గోడకు బిగించి అలంకారంగా మార్చడం నాకు నచ్చదు. పదును నిలిచే ఉలిని, కోణం తప్పని మూలమట్టాన్ని, దవడలు సరిగ్గా కలిసే వైసును పనిబల్ల మీదే ఉంచి వాడుకోవాలి. 1943లో హైదరాబాదులో మొదలైన ప్రాగా టూల్స్ వారి డ్రిల్లు చక్కు మీ ఇంట్లో ఉండి, దాని పళ్లు ఇంకా పట్టు తప్పకపోతే, దానికి తగిన చోటు డ్రిల్లింగు మిషనే. బ్లేడు అరిగి ముందుకు రాని చిత్రికను, పిడి విరిగిన బాడిసను, పగిలిన రసమట్టాన్ని గోడకు ఎక్కించండి.

ఏరుకునేటప్పుడే ప్రమాదకరమైన వాటిని పక్కకు తీయాలి. పాత కార్బొరేటరులో, పెట్రోలు ట్యాంకులో ఇంధనపు చుక్క కూడా మిగలకూడదు. బొత్తిగా పనికిరాని బ్యాటరీ ఎంత పాతదైనా జ్ఞాపకంగా దాచదగినది కాదు. ముళ్లకు, అంకెలకు రేడియం పూత ఉన్న పాతకాలపు గడియారం దొరికితే అద్దం విప్పకండి, పూతను గీకకండి. మెరుపు ఎప్పుడో ఆగిపోయినా, రేడియం అర్ధాయువు దాదాపు 1,600 సంవత్సరాలు కాబట్టి అందులోని రేడియోధార్మికత పోలేదు.

శుభ్రం చేయడం, కానీ కొత్తగా మార్చకపోవడం

ఎక్కువ వస్తువులు పాడయ్యేది ఈ దశలోనే. తాతగారి చేతి చెమటకు నున్నగా, నల్లగా మారిన పిడిని ఉప్పుకాగితంతో రుద్ది వార్నిష్ వేస్తే మిగిలేది కొత్త పిడి మాత్రమే. మురికిని తీయాలి, వాడకపు గుర్తులను ఉంచాలి. ఏది మురికి, ఏది గుర్తు అన్న అనుమానం వచ్చినచోట ముట్టుకోకపోవడమే మేలు.

ఇనుప వస్తువును మొదట పొడి బ్రష్షుతో దులిపి, తర్వాత కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. పైపై తుప్పు అన్నిటికన్నా సన్నరకం ఇనుప పీచుతో పోతుంది. తుప్పు లోతుగా పట్టి ఉంటే పిడి విప్పేసి, ఇనుప భాగాన్ని మాత్రమే తెల్ల వెనిగరులో ఒక రాత్రి నానబెట్టండి. తెల్లారి తీసి బ్రష్షుతో రుద్ది, వంట సోడా కలిపిన నీటిలో కడిగి, వెంటనే ఎండబెట్టి కుట్టుమిషను నూనె పల్చగా రాయాలి. కడిగాక అలాగే వదిలేస్తే గంటల్లోనే కొత్త తుప్పు పట్టుకుంటుంది. కర్రను వెనిగరు తాకకూడదు. కంపెనీ ముద్ర, పనివాడు కొట్టుకున్న సొంత గుర్తు ఉన్నచోట ఇనుప పీచును కూడా సున్నితంగానే వాడాలి.

ఇత్తడికి మన ఇళ్లలో చింతపండు, బూడిద అలవాటు. వాడుకునే గిన్నెకు అది సరిపోతుంది. కానీ అడుగునో అంచునో పెళ్లి తేదీ, పుట్టింటి పేరు చెక్కించిన పాత చెంబును అలా పదేపదే తోమితే అక్షరాలు అరిగిపోతాయి. ఒక్కసారి గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, బాగా ఆరబెట్టి, పచ్చని చిలుము ఉన్నచోట మాత్రమే మెత్తని గుడ్డతో రుద్ది వదిలేయండి. గోధుమరంగుకు తిరిగిన ఇత్తడి చూడటానికి బాగానే ఉంటుంది.

కర్ర పిడులకు కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె రాయడం చాలామంది చేస్తారు. అవి సరిగా ఆరవు, కొన్నాళ్లకు జిగురుగా మారి రంపపు పొట్టునంతా పట్టుకుంటాయి. వడ్రంగులు వాడే అవిసె నూనె పల్చగా రాసి అరగంట తర్వాత తుడిచేయడం మంచిది. ఇక్కడ ఒక హెచ్చరికను తేలికగా తీసుకోవద్దు. అవిసె నూనె తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతట అవే అంటుకోగలవు. వాడిన గుడ్డను ఆరుబయట పూర్తిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న డబ్బాలో వేసి మూత పెట్టాలి.

చోటు ఎంచుకోవడం

పనిబల్లకు ఎదురుగా ఉన్న గోడే అందరికీ మొదట తడుతుంది. అది పనిముట్ల చోటు. గ్రైండరు రవ్వలు, రంపపు పొట్టు, నూనె తుంపర్లు నేరుగా పడేది అక్కడే, పైగా తొందరలో చెయ్యి తగిలేదీ అక్కడే. గుర్తుల కోసం పక్కగోడను ఎంచుకుంటే పని చేస్తూ తల తిప్పినప్పుడు కనిపిస్తాయి, పనికి అడ్డురావు. వాటి కింది అంచు నేల నుంచి 5 అడుగుల ఎత్తులో మొదలైతే నిచ్చెనలు, పలకలు తగిలే భయం తగ్గుతుంది.

పడమటి గోడ మధ్యాహ్నమంతా కాగుతుంది. వాన జల్లు కొట్టే వైపు గోడ చెమ్మగిల్లుతుంది. షట్టరుకు ఎదురు గోడ మీదికి వీధి దుమ్మంతా వస్తుంది. ఈ మూడింటినీ వదిలేశాక మిగిలే గోడ చాలా ఇళ్లలో ఒక్కటే, కాబట్టి ఎంపిక అంత కష్టమేమీ కాదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ ఇనుప వస్తువులను గోడకు ఆనించకుండా అర అంగుళం ఎడంగా నిలపడం మంచిది.

బిగించడం

ఒక్కో వస్తువుకు ఒక్కో మేకు కొట్టడం కంటే, గోడకు ఒక పలక బిగించి వస్తువులన్నీ దాని మీద అమర్చడం అన్నివిధాలా మేలు. స్థానం మార్చాలనుకున్న ప్రతిసారీ గోడకు కొత్త రంధ్రం పడదు, చెదలు వస్తే పలకను విప్పి చూసుకోవచ్చు. చెమ్మను తట్టుకునే రకం ప్లైవుడ్ 18 మిల్లీమీటర్ల మందంలో తీసుకుని, కోసిన అంచులకు కూడా రంగు వేయండి. నీరు మొదట పీల్చుకునేది అంచులే. పలక వెనుక గాలి ఆడేలా అడ్డబద్దలు వేసి, వాటిని గోడకు బిగించాలి.

ఇటుక గోడ అయితే డ్రిల్లు చేసి ప్లగ్గు వేసి మర బిగిస్తే గట్టిగా పడుతుంది. రంధ్రం సిమెంటు అతుకులో కాకుండా ఇటుకలో పడితే పట్టు ఇంకా బాగుంటుంది. ఇప్పటి ఇళ్లలో వాడుతున్న తేలికపాటి బ్లాకుల గోడకు మామూలు ప్లగ్గు నిలవదు. దానికోసమే చేసిన పొడవైన నైలాన్ ప్లగ్గులు హార్డ్‌వేరు దుకాణంలో అడిగి తీసుకోవాలి. అమెరికాలో గ్యారేజీనే వర్క్‌షాపు చేసుకున్న తెలుగువారికి ఈ బాధ వేరే రూపంలో ఎదురవుతుంది. అక్కడి గోడ పైపొర జిప్సం పలక కాబట్టి బరువును అది మోయలేదు. సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున లోపల ఉండే నిలువు కర్రలను వెతికి, మర వాటిలోకే దిగేలా చూసుకోవాలి. సంక్రాంతికి వచ్చి తాతగారి ఉలిని వెంట తీసుకువెళ్లేవారు దాన్ని చేతిసంచిలో పెట్టకూడదు, చెక్-ఇన్ సామానులోనే సర్దుకోవాలి.

వస్తువును పలకకు ఎన్నడూ జిగురుతో అతికించవద్దు. రెండువైపులా అంటుకునే టేపు వేడికి జారిపోతుంది, తీసేటప్పుడు పాత రంగును పెచ్చులుగా లాగేస్తుంది. బరువును కింద రెండు కొక్కేలు మోయాలి, పైన ఒక కట్టు వస్తువు ముందుకు పడకుండా ఆపాలి. కొక్కెం గీతలు పెట్టకుండా దాని మీద సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడిగితే చాలు. వెండి, ఇత్తడి వస్తువులకు మాత్రం రబ్బరు తగలనివ్వకండి. అందులోని గంధకం వల్ల లోహం నల్లబడుతుంది కాబట్టి వాటికి నూలు తాడే తగినది.

అమర్చే ముందు అన్నిటినీ నేల మీద అదే కొలతలో పరిచి చూసుకోండి. పెద్దవాటిని ముందు పెట్టి, చిన్నవాటిని వాటి చుట్టూ సర్దడం సులభం. పలకలో మూడో వంతైనా ఖాళీగా వదలాలి. నిండుగా కనిపించాలని ప్రతి అంగుళానికీ ఏదో ఒకటి తగిలిస్తే, ఏ వస్తువూ ప్రత్యేకంగా కంటపడదు.

చిన్నవాటికి అద్దాల పెట్టె

తాళంచెవులు, బిళ్లలు, చేతిగడియారాలు వంటివి దుమ్ములో నిలవవు. రెండు అంగుళాల లోతుతో కర్ర చట్రం చేసి, ముందు 4 మిల్లీమీటర్ల అద్దం, వెనుక పలుచటి ప్లైవుడ్ వేస్తే సరిపోతుంది. 1942లో మొదలైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ వారి చేతిగడియారం, ఆ సంస్థలో ఉద్యోగం చేసినవారి గుర్తింపు బిళ్ల, పుష్పక్ స్కూటరు తాళంచెవి ఇలాంటి పెట్టెలో పక్కపక్కనే ఉంటే ఆ కుటుంబపు పాతికేళ్లు ఒక్కచోట కనిపిస్తాయి. కొత్త ప్లైవుడ్ నుంచి, పచ్చి పాలిష్ నుంచి వెలువడే ఆవిర్లు మూసిన పెట్టెలో లోహాన్ని నల్లబరుస్తాయి. అందుకని పెట్టెను కొన్ని వారాలు తెరిచి ఆరనివ్వాలి, లోపల గంజి లేని ఉతికిన నూలు గుడ్డ పరవాలి. మూలలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టి, వానాకాలం ముగిశాక మార్చండి. వెలుతురు కోసమైతే ఎల్‌ఈడీ దీపాన్ని పెట్టె బయటే బిగించాలి.

వివరాలు రాసి పెట్టడం

ఎవరిదో తెలియని రంపం మరో తరం నాటికి ఇనుప సామాను కొట్టుకు పోతుంది. ప్రతి వస్తువుకూ ఒక చిన్న చీటీ ఉండాలి, అందులో ఎవరు వాడారు, ఏ ఊళ్లో, దేనికి అన్న మూడు సంగతులూ ఉండాలి. “తాతగారి బాడిస” అని రాస్తే మీ పిల్లలకు అర్థమవుతుంది, వారి పిల్లలకు ఏ తాత అన్న సందేహం వస్తుంది. పేరు, ఊరు, తెలిసినంతలో సంవత్సరం రాయండి. సంవత్సరం సరిగా తెలియకపోతే “ఇందిరా గాంధీ మొదటిసారి ప్రధాని అయిన రోజుల్లో” అన్నట్టు పెద్దలు చెప్పిన మాటనే రాయడం, ఊహించిన అంకె వేయడం కంటే నమ్మదగినది. పెన్ను సిరా వెలిసిపోతుంది, పెన్సిలు గీత నిలుస్తుంది. వస్తువు మీదే చెక్కడం మాత్రం వద్దు.

చీటీలో పట్టని వివరాలను ఇంట్లో ఉంచే నోటుపుస్తకంలో వరుస సంఖ్యతో రాసుకుని, ప్రతిదానికీ ఒక ఫోటో తీసి పెట్టుకోవాలి. ఇంట్లో ఆ పని తెలిసిన పెద్దలు ఉంటే ఆలస్యం చేయకండి. వస్తువును వారి చేతికే ఇచ్చి, “బాబాయ్, దీన్ని ఎలా పట్టుకునేవారు?” అని అడిగి, చెబుతుండగా ఫోనులో వీడియో తీయండి. పట్టుకోగానే చేతులే చాలా విషయాలు చెబుతాయి, ఊరకే కూర్చోబెట్టి అడిగితే అందులో సగం కూడా గుర్తురాదు.

తర్వాతి సంరక్షణ

ఏడాదికి రెండుసార్లు చూసుకుంటే చాలు, ఒకటి మృగశిర కార్తెకు ముందు, రెండోది దసరాకు. మొదటిసారి ఇనుము మీద నూనె పూతను తాజాపరచి, పలక వెనుక చెదల మట్టి గీతలు, కందిరీగల మట్టిగూళ్లు ఉన్నాయేమో చూడాలి. గొట్టం ఆకారపు వస్తువుల్లో కందిరీగలు తరచు గూడు కడతాయి.

దసరా ఆయుధ పూజకు పనిముట్లతో పాటు వీటినీ దించి తుడుస్తాం కాబట్టి రెండో పని దానంతట అదే జరిగిపోతుంది. పసుపు, కుంకుమ నీటితో కలిపి ఇనుము మీద పెడితే మరుసటి వారానికి ఆ బొట్టు కింద తుప్పు మచ్చ పడుతుంది. కర్ర పిడికి బొట్టు పెట్టండి, లేదా మరునాడే తుడిచి ఒక నూనె చుక్క రాయండి. తిరిగి ఎక్కించేటప్పుడు కొక్కేలను చేత్తో లాగి, వదులైన మరలను బిగించి చూసుకోవాలి.