లైబ్రరీలో నెలకో కథ చదివి వినిపించాలంటే ఎలా?

తిరుపతిలో పొద్దున పూట లైబ్రరీకి వెళితే రెండు రకాల వాళ్లు కనిపిస్తారు: పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లు, గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకునే పిల్లలు. ఒకరితో ఒకరికి మాటల్లేవు. కథల పుస్తకాలేమో బీరువాలోనే ఉంటాయి. వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టాలంటే నెలకో కథ పైకి చదివి వినిపించడం కంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ముందు అనుమతి. నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఏ రోజు, ఎంతసేపు, ఎంతమంది వస్తారు అన్నది తెల్లకాగితం మీద రాసి గ్రంథాలయాధికారికి ఇవ్వండి. జిల్లా కేంద్ర గ్రంథాలయమైతే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేరు మీద రాయాలి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, మనం కట్టే ఇంటి పన్నులోనే గ్రంథాలయ సెస్సు కూడా ఉంది.

రోజు ఎంచుకునేటప్పుడు సెలవు రోజు, మూసే టైము చూసుకోండి. గంగజాతర వారం, బ్రహ్మోత్సవాల రోజులు వద్దు. చంద్రగిరి నుంచో రేణిగుంట నుంచో వచ్చేవాళ్లకు తిరుగు బస్సు దొరకాలి కాబట్టి గంటన్నరలో ముగించాలి.

ఇక అసలు పని కథను ఎంచుకోవడం. పైకి చదివితే అరగంటలో అయిపోవాలి, అంటే అచ్చులో పది పన్నెండు పేజీలు దాటకూడదు. మొదటి నెల మన ప్రాంతం కథే తీసుకోండి. దామలచెరువులో ఉండి రాసిన మధురాంతకం రాజారాం, పులికంటి కృష్ణారెడ్డి, నామిని... మన యాస వినపడితే వచ్చినవాళ్లు నిటారుగా కూర్చుంటారు. ఒకసారి మేం చదువుతున్న కథలో ‘కపిల తోలడం’ అని వచ్చింది. ఇంటర్ చదివే అమ్మాయి “కపిల అంటే ఏంది సార్?” అని అడిగింది. రోజూ పేపరు చదివి మాట్లాడకుండా వెళ్లిపోయే పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఎద్దులు ఏటవాలులో దిగితే బావిలోంచి తోలుతొండం నీళ్లతో ఎట్లా పైకొస్తుందో, తాడు ఎక్కడ బిగుస్తుందో రెండు చేతులతో చూపించాడు. కథ పది నిమిషాలు ఆగింది. ఆగనివ్వాలి. ఆ పది నిమిషాల కోసమే ఇదంతా.

చదివేవాళ్లు ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుని రావాలి. ఎక్కడ ఆగాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి, అదీ తమ సొంత ప్రతి మీదే, లైబ్రరీ పుస్తకం మీద కాదు. నటించనక్కర్లేదు. నింపాదిగా, వెనక వరసకు వినపడేలా చదివితే చాలు.

స్టేజీ, బ్యానరు, శాలువాలు పెట్టకండి. ఇది నేను బాధపడి నేర్చుకున్నది. ఒకచోట మొదటి సభకు నలుగురు వక్తల్ని పిలిచాం. వాళ్ల ప్రసంగాలు అయ్యేసరికి తాళాలు వేసే టైము అయింది. కథ చదవడానికి పుస్తకం పట్టుకుని ముందు వరసలో కూర్చున్న పిల్లవాడు అట్లాగే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మళ్లీ రాలేదు. అప్పటి నుంచి కుర్చీలు గుండ్రంగా వేస్తున్నాం, రాగానే కథ మొదలుపెడుతున్నాం.

కథ అయ్యాక “ఈ కథలో నీతి ఏమిటి?” అని అడగొద్దు, పిల్లలకు పరీక్షలా టెన్షన్ వస్తుంది. “మీకు గుర్తుండిపోయింది ఏది?” అని అడగండి. మాట్లాడని వాళ్లను మాట్లాడమని బలవంతపెట్టొద్దు. ఒక్కరే గంటసేపు మాట్లాడుతుంటే మాత్రం మర్యాదగా ఆపాల్సిన బాధ్యత మీదే.

ముగిసే ముందు ఆ రచయిత పుస్తకాలు బీరువాలోంచి తీయించి బల్ల మీద పరిచి పెట్టించండి. సభ్యత్వం లేనివాళ్లకు అక్కడే ఫారం ఇప్పించండి. కథ విన్న వేడిలో తీసుకున్న పుస్తకాన్ని ఇంటికెళ్లి తప్పకుండా తెరుస్తారు.

ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి. ఆ వారంలో బడిపిల్లలతో చదివించండి. మొదట్లో ఆరుగురే వచ్చినా తేదీ మార్చకండి. లేచి వెళ్లేలోపే వచ్చే నెల చదివేవాళ్ల పేరు నోటీసు బోర్డు మీద రాసేయండి.