సంక్రాంతికి ఊరెళ్లే ముందు మీ ఎలక్ట్రిక్ బండిలోని ట్రాకర్‌ని ఒకసారి పలికించి చూడండి

జనవరి రెండో వారం వచ్చిందంటే పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరతాయి. ఆ కార్లలో వెళ్లేవాళ్ల బళ్లు మాత్రం ఇక్కడ హైదరాబాద్ సెల్లార్లలో నాలుగైదు రోజులు పలకరించే దిక్కు లేకుండా పడి ఉంటాయి. వాచ్‌మన్ కూడా ఊరెళ్తాడు, ఆయనకీ పండగే కదా. దొంగలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

పోయిన దసరాకి మా తమ్ముడి ఎలక్ట్రిక్ స్కూటర్ పోయింది. ఊరి నుంచి తిరిగొచ్చి సెల్లార్‌లోకి దిగితే పిల్లర్ పక్కన దుమ్ములో స్టాండ్ ఆనిన గుర్తు, తెగిన చైను ముక్క ఒకటి కనిపించాయి. వాడేమీ కంగారు పడలేదు. "ట్రాకర్ ఉందిగా అన్నా" అంటూ ఫోన్ తీశాడు. యాప్‌లో మ్యాప్ వచ్చింది. మా అపార్ట్‌మెంట్ మీదే చుక్క ఉంది. చుక్క కింద చిన్న అక్షరాలతో "47 రోజుల క్రితం" అని రాసి ఉంది. ట్రాకర్‌తో పాటు ఇచ్చిన సిమ్ ప్యాక్ ఏడాదికే. అది ఆగస్టులో అయిపోయింది. మెసేజ్ వచ్చిందట, లోన్ల మెసేజ్‌ల మధ్యలో వాడు చూసుకోలేదు. బండి మళ్లీ దొరకలేదు. ఈఎమ్‌ఐ మాత్రం వాడు ఇప్పటికీ కడుతున్నాడు.

అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే. ట్రాకర్ కొనడం, దాచడం సగం పనే. మీ పార్కింగ్‌లో, మీరు లేనప్పుడు అది నిజంగా పలుకుతోందా అని ఊరెళ్లే ముందే చూసుకోవాలి. దానికి ఒక్క సాయంత్రం చాలు.

అసలు మీ దగ్గరున్నది ఏ రకం?

అన్నింటినీ "జీపీఎస్" అనేస్తాం కానీ, మార్కెట్లో దొరికేవి రెండు వేర్వేరు రకాలు. పండగ రోజుల్లో రెండింటి ఇబ్బందులూ వేరు.

మొదటిది అసలైన జీపీఎస్ ట్రాకర్. ఉపగ్రహాల సిగ్నల్‌తో తానెక్కడుందో తెలుసుకుని, లోపలున్న సిమ్ ద్వారా మీ ఫోన్‌కి పంపుతుంది. సెల్లార్‌లో ఉపగ్రహం అందదు, రెండో బేస్‌మెంట్‌లో అయితే చాలాచోట్ల మొబైల్ సిగ్నల్ కూడా ఉండదు. కొనేటప్పుడు అది 2జీ పరికరమా, 4జీ పరికరమా అడగండి. జియోకి 2జీ నెట్‌వర్క్ లేదు కాబట్టి 2జీ ట్రాకర్‌లో జియో సిమ్ పనిచేయదు.

రెండోది ట్యాగ్. యాపిల్ ఎయిర్‌ట్యాగ్, గూగుల్ ఫైండ్ హబ్‌తో పనిచేసే రకరకాల ట్యాగ్‌లు, శాంసంగ్ స్మార్ట్‌ట్యాగ్ ఈ కోవలోవి. వీటిలో సిమ్ ఉండదు, జీపీఎస్ ఉండదు, నెలనెలా ఖర్చూ ఉండదు. దగ్గర్లో వెళ్లే వేరేవాళ్ల ఫోన్లు బ్లూటూత్‌తో దాన్ని గుర్తించి, ఆ చోటు మీకు చేరవేస్తాయి. ఎయిర్‌ట్యాగ్‌కి మీ దగ్గర ఐఫోన్ ఉండాలి, శాంసంగ్‌ది గెలాక్సీ ఫోన్లకే. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లు వాడేవాళ్లు ప్యాకెట్ మీద గూగుల్ ఫైండ్ హబ్ అని గానీ, దాని పాత పేరు ఫైండ్ మై డివైస్ అని గానీ ఉందో లేదో చూసి కొనాలి.

పండగప్పుడు ట్యాగ్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే, అపార్ట్‌మెంట్ ఖాళీ అయితే ఫోన్లూ ఖాళీ అవుతాయి. సెల్లార్‌లో బండి నిక్షేపంగా ఉన్నా యాప్‌లో "నిన్న కనిపించింది" అనే ఉంటుంది. అంతమాత్రానికే ఊళ్లో కూర్చుని టెన్షన్ పడొద్దు. బండి రోడ్డెక్కి నలుగురి మధ్యకు వస్తే కొత్త చోటు కనిపిస్తుంది. గూగుల్ నెట్‌వర్క్‌లో ఇంకో సంగతి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వేరేవాళ్ల ట్యాగ్‌ల చోటు చేరవేసే సెట్టింగ్ మొదటి నుంచీ రద్దీ ఉన్న చోట్లకే పరిమితమై ఉంటుంది. వాటి యజమానులు మార్చుకుంటే తప్ప, జనం పలచగా ఉన్న చోట మీ ట్యాగ్ కబురు చేరడం కష్టం. అమీర్‌పేటలో పలికినట్టు ఊరి చివర గోడౌన్‌లో పలకదు.

కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్లలో కొన్ని మోడళ్లకు కంపెనీయే సిమ్, లొకేషన్, కదిలిస్తే అలర్ట్ లాంటివి ఇస్తోంది. మీ బండికి ఉంటే మంచిదే. ఆ ప్లాన్ గడువు ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూడండి. అలాగని దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ప్రధాన బ్యాటరీ పీకేస్తే అది ఎంతసేపు పలుకుతుందన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది.

ఎక్కడ దాచాలి?

సీటు కింద డిక్కీలో మాత్రం వద్దు. దొంగ మొదట తెరిచేది అదే. బ్యాటరీ పెట్టే అరలోనూ వద్దు, అక్కడ వేడి ఎక్కువ, పైగా బ్యాటరీ తీసేటప్పుడు కంటపడుతుంది. ఇనుప గొట్టం లోపల పెడితే ఎవరికీ కనిపించదు నిజమే, సిగ్నల్ కూడా బయటికి రాదు. ప్లాస్టిక్ వెనకాల ఉండాలి, చుట్టూ ఇనుము తక్కువ ఉండాలి. హ్యాండిల్ కింద ముందు ప్యానెల్ లోపల, ఫుట్‌బోర్డు కింద, హెడ్‌లైట్ వెనక, సీటు కవర్ విప్పి స్పాంజ్ అడుగున, ఇలా చోట్లు చాలానే దొరుకుతాయి.

నేను నా బండిలో ట్యాగ్‌ని పాత యోగా మ్యాట్ ముక్కలో చుట్టి, పైన నల్ల టేపు వేసి, వైర్ల కట్టతో కలిపి రెండు కేబుల్ టైలతో బిగించాను. అలా చుట్టకపోతే గుంతల్లో టకటకమని చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడే దాని జాడ చెప్పేస్తుంది. ప్యానెల్ మూసేశాక టార్చ్ వేసి నేనే వెతికాను. వైరింగ్‌లో భాగంలాగే ఉంది. బిగించాక పది రోజులు మామూలుగా నడిపి చూశాను, కదల్లేదు.

వీలైతే రెండు పెట్టండి. ఒకటి కాస్త సులువుగా దొరికే చోట, రెండోది లోతుగా. మొదటిది దొరగ్గానే పనైపోయిందనుకుని మిగతాది వెతకరు. ఎక్కడ పెట్టారో ఇంట్లో ఒక్కరికి మాత్రమే చెప్పండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టొద్దు. సర్వీసింగ్‌కి ఇచ్చి తెచ్చుకున్న ప్రతిసారీ ట్రాకర్ ఉందో లేదో తడిమి చూసుకోండి.

జీపీఎస్ ట్రాకర్‌కి వైరింగ్ ఉంటే అది తెలిసిన మెకానిక్ చేతే చేయించాలి. మామూలు బైక్‌లో 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఎలక్ట్రిక్ బండి ప్రధాన బ్యాటరీ 48, 60, 72 వోల్టులు ఉంటుంది. 12 వోల్టులకు చేసిన ట్రాకర్‌ని తిన్నగా దానికి కలిపితే కాలిపోతుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. ట్రాకర్ ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో దాని మీద చూడండి. ఎక్కడ పడితే అక్కడ వైరు కోస్తే వారంటీ పోవచ్చు కాబట్టి షోరూమ్‌లో ముందే అడగండి. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకి కలిపారా, ఎప్పుడూ కరెంటుండే వైరుకి కలిపారా అన్నది తప్పకుండా అడగాలి. మొదటి దానికి కలిపితే బండి ఆపగానే ట్రాకర్ నిద్రపోతుంది.

మోటారు ఆపేసే బటన్ కొన్ని యాప్‌లలో ఉంటుంది. బండి నడుస్తుండగా దాన్ని నొక్కొద్దు. వెనక లారీ వస్తుంటే ఏమవుతుందో ఊహించుకోండి. బండి మీద ఉన్నవాడు దొంగే అయినా ప్రాణం ప్రాణమే.

ఒక్క సాయంత్రం పరీక్ష

ఊరెళ్లే రోజు బండిని ఎక్కడ పెడతారో సరిగ్గా అక్కడే పెట్టండి. తాళంచెవి తీసుకుని పైకి వెళ్లిపోండి. అరగంట ఆగి యాప్ తెరవండి. చుక్క ఎక్కడుందన్నది తర్వాత, ముందు దాని కింద టైమ్ ఎంతుందో చూడండి. పాత టైమ్ ఉంటే ఆ మూల సిగ్నల్ లేనట్టే. ర్యాంప్ దగ్గరికో, పై అంతస్తు పార్కింగ్‌కో మార్చి మళ్లీ చూడండి. నేను అలా మూడు చోట్లు మార్చాను. చివరికి లిఫ్ట్ పక్కన, వెంటిలేటర్ ఉన్న గోడ దగ్గర పలికింది.

తర్వాత ఇంట్లో ఎవరినైనా పిలిచి, తాళం లేకుండానే బండిని యాభై అడుగులు నెట్టించండి. అలర్ట్ వచ్చిందా? ఎన్ని నిమిషాలకు వచ్చింది? మీ ఫోన్ సైలెంట్‌లో ఉంటే వినిపించిందా? పండగ రాత్రి ఫోన్ ఎక్కడో చార్జింగ్‌లో పడేస్తాం కదా, అందుకే ఆ ఒక్క యాప్ నోటిఫికేషన్‌కి పెద్ద మోత పెట్టుకోండి.

మూడోది, బ్యాటరీ ఊడొచ్చే బండి అయితే అది తీసేసి చూడండి. లోపల సొంత బ్యాటరీ ఉన్న ట్రాకర్ అయితేనే పలుకుతుంది, లేకపోతే అక్కడితో సరి.

సిమ్ గడువు చూసి రీచార్జ్ చేయండి. ట్యాగ్ అయితే చిన్న గుండ్రటి బ్యాటరీ మార్చండి. ఎయిర్‌ట్యాగ్‌లో వేసేది సీఆర్2032, ఏడాదికి పైగా వస్తుంది. పిల్లలు మింగకుండా చేదు పూత పూసినవి కొన్ని వస్తున్నాయి, వాటిలో కొన్ని ఎయిర్‌ట్యాగ్‌లో పనిచేయవు. వేశాక ఒకసారి యాప్‌లో మోగించి చూసుకోవాలి. పాత బ్యాటరీని మాత్రం పిల్లలకు అందని చోట పడేయండి, మింగితే ప్రాణం మీదకొస్తుంది.

దొంగకీ తెలుస్తుంది, మీ ఇంట్లోవాళ్లకీ తెలుస్తుంది

మనుషుల వెంట రహస్యంగా ట్యాగ్‌లు వేసి వెంటాడకుండా ఫోన్ కంపెనీలు ఒక ఏర్పాటు చేశాయి. తెలియని ట్యాగ్ ఏదైనా తనతో పాటు కదులుతుంటే ఐఫోన్ గానీ, ఆండ్రాయిడ్ ఫోన్ గానీ హెచ్చరిస్తుంది. యజమానికి దూరంగా కొంతకాలం ఉన్న ఎయిర్‌ట్యాగ్‌ని కదిలిస్తే అది కూత కూడా పెడుతుంది. మీరు నాలుగు రోజులు ఊళ్లో ఉంటే సరిగ్గా అదే జరుగుతుంది. అంటే దొంగకి ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. మీ చేతిలో ఉండేది మొదటి కొన్ని గంటలే. ట్యాగ్ లోతుగా ఉంటే కూత విన్నా వెంటనే తీయలేడు, మీకు ఆ టైమ్ కలిసొస్తుంది.

స్పీకర్ పీకేసిన ట్యాగ్‌లు అమ్మేవాళ్లు ఉన్నారు. దయచేసి కొనొద్దు. ఆ కూత ఎవరో ఆడపిల్ల బ్యాగులో దాచిన ట్యాగ్‌ని కూడా బయటపెడుతుంది. మన బండి కోసం ఆ రక్షణని తీసేసే వ్యాపారానికి డబ్బులివ్వడం న్యాయం కాదు. మీ బండిని మీ భార్యో, చెల్లెలో, బావమరిదో నడుపుతుంటే బండిలో ట్రాకర్ ఉందని వాళ్లకు ముందే చెప్పండి. ఎయిర్‌ట్యాగ్ అయితే యాప్‌లోనే ఐఫోన్ ఉన్న మరో ఐదుగురితో పంచుకోవచ్చు, వాళ్లకు హెచ్చరికలు రావు.

నంబర్ ప్లేటు లేని బళ్లకు

250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటని బళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ట్యూషన్లకెళ్లే పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కువగా వాడేది ఇవే. ఆర్సీ ఉండదు, ప్లేటు ఉండదు, చాలామంది ఇన్సూరెన్స్ కూడా తీసుకోరు. పోతే ఇది నాదే అని చూపించడానికి బిల్లు, చాసిస్ నంబరే దిక్కు. అందుకే ట్రాకర్ అందరికంటే వీళ్లకే ఎక్కువ అవసరం. ఈ రాత్రే బిల్లు, చాసిస్ నంబర్, మోటార్ నంబర్, బ్యాటరీ మీది సీరియల్ నంబర్ ఫొటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

బ్యాటరీ ఊడొచ్చే రకమైతే దాన్ని పైకి, ఇంట్లోకి తీసుకెళ్లడం అన్నిటికంటే మంచి జాగ్రత్త. బ్యాటరీ లేని బండి దొంగకి బరువే. లిథియం బ్యాటరీ అయితే సగానికి కాస్త అటూ ఇటూ చార్జ్ ఉంచి వదిలేయండి, చార్జర్‌కి తగిలించి మాత్రం ఊరెళ్లొద్దు. తాళాల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. హ్యాండిల్ లాక్ వేయండి, డిస్క్ లాక్ పెట్టండి, మందపాటి చైనుతో పిల్లర్‌కి కట్టండి. రెండు తాళంచెవులూ మీ వెంట తీసుకెళ్లండి. క్లెయిమ్ వస్తే ఇన్సూరెన్స్ వాళ్లు రెండూ అడుగుతారు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి రూపాయి రాదు.

ఒకవేళ చుక్క కదిలితే

ముందు స్క్రీన్‌షాట్ తీయండి, టైమ్ కనిపించేలా. సిటీలో ఉన్న నమ్మకమైన మనిషికి ఫోన్ చేసి సెల్లార్‌లో బండి ఉందో లేదో చూడమనండి. జీపీఎస్ అప్పుడప్పుడు పక్క వీధిలో చూపిస్తుంది. పోయిందని తేలగానే 112కి చేయండి. మీరు శ్రీకాకుళంలో ఉన్నా ఫర్వాలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా సంతకం పెట్టాలి. దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లి ఈ మాట మర్యాదగా చెప్పండి.

మ్యాప్‌లో చుక్క ఒక ఇంటి మీద ఆగిందని కుర్రాళ్లను వేసుకుని వెళ్లొద్దు. ట్యాగ్ చూపించేది ఆ చుట్టుపక్కల ప్రాంతాన్నే. పక్కింటి తలుపు కొట్టే ప్రమాదం ఉంది, లోపల ఎంతమంది ఉన్నారో మీకు తెలియదు. చుక్క ఎక్కడెక్కడ ఆగిందో, ఎన్ని గంటలకు ఆగిందో పోలీసులకు పంపుతూ ఉండండి. బండి రాత్రంతా ఒకేచోట ఉంటే ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి. ఎయిర్‌ట్యాగ్‌ని మీ ఫోన్‌లోంచి తొలగించొద్దు, సిమ్ ఆపించొద్దు. రెండు రోజులు నిశ్శబ్దంగా ఉన్న ట్యాగ్ కూడా, పక్కనుంచి ఒక ఫోన్ వెళ్తే చాలు, మళ్లీ పలకొచ్చు.