గుణదల తిరునాళ్లకు విచారణ (చర్చి సంఘం) తరఫున మజ్జిగ పందిరి

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలో జరిగే గుణదల మాత (మరియమాత) ఉత్సవాలకు ఎంతోమంది నడిచే వస్తారు. వాళ్లకు మజ్జిగ పోయాలనుకుంటే ముందుగా విచారణ గురువులకు (మీ చర్చి ఫాదర్‌కు) చెప్పండి. రోడ్డు వారన పందిరికి అనుమతి అడిగేటప్పుడు వారి ఉత్తరం పనికొస్తుంది.

గ్లాసుకు 200 మి.లీ. చొప్పున 200 మందికి 40 లీటర్లు కావాలి: 10 లీటర్ల పెరుగు, 30 లీటర్ల మంచినీళ్లు, 200 గ్రాముల ఉప్పు. పాలు ముందురోజు రాత్రి పడుకోబోయే ముందే తోడేయండి. మధ్యాహ్నం తోడేస్తే తెల్లారేసరికి పులిసిపోతుంది. స్టీలు గుండిగలే వాడాలి, అల్యూమినియంలో పులుపు తగిలి రుచి చెడుతుంది. అల్లం, పచ్చిమిర్చి నూరి పల్చటి గుడ్డలో వడగట్టండి. పసిపిల్లల గొంతుకు ముక్క అడ్డుపడకూడదు కదా! ఐసు మాత్రం మజ్జిగలో వేయనే వేయొద్దు. ఆ దిమ్మ ఏ నీళ్లతో చేశారో తెలియదు. గుండిగ చుట్టూ పేర్చితే చాలు. అంతా ఒకేసారి కలపకుండా పది లీటర్ల చొప్పున కలుపుకోండి.

పోసేవాళ్లు మరియదళం (చర్చిలో మరియమాత భక్తుల సంఘం), గ్లాసులు ఏరేవాళ్లు యువత. రెండు గంటలకొక జట్టు మారాలి.

చెత్తడబ్బా పందిరి పక్కన కాదు, పాతిక అడుగులు ముందుకు పెట్టండి. జనం తాగుతూ నడుస్తారు, గ్లాసు ఖాళీ అయ్యేది అక్కడే.