పగిలిపోకుండా ఆడియో సౌండ్ పెంచడం ఎలా

అమ్మమ్మ పాడిన మంగళహారతిని ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాను. వింటే ఆవిడ గొంతు ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టుంది, మధ్యలో హారతి గంట మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఏదో ఆన్‌లైన్ సైట్లో వేసి 300 శాతం పెంచితే మొత్తం గరగర. చిక్కు గొంతులో కాదు, గంటలో ఉందని తెలిసేసరికి ఒక ఆదివారం పోయింది.

డిజిటల్ ఆడియోకి 0 డెసిబెల్స్ (సౌండ్ స్థాయిని కొలిచే లెక్క) దగ్గర పైకప్పు ఉంటుంది. దాన్ని దాటిన ధ్వని అలకి తల తెగిపోతుంది, మనకి సౌండ్ పగిలినట్టు వినిపించేది అదే, దీన్నే క్లిప్పింగ్ అంటారు. అలా తెగాక ఎంపీ3గానో మామూలు వేవ్ ఫైల్‌గానో సేవ్ చేసేశారంటే తర్వాత వాల్యూమ్ తగ్గించినా పోయింది తిరిగి రాదు. నా ఫైల్లో గంట మైనస్ 2 దగ్గర, అంటే పైకప్పుకి 2 డెసిబెల్స్ కిందే ఉంది, కాబట్టి మొత్తాన్ని కలిపి పెంచితే 2 డెసిబెల్స్‌కి మించి పెంచలేను. ఆ 2 వల్ల చెవికి పెద్ద తేడా తెలియదు.

కంప్యూటర్‌లో ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అది వేసుకోండి. ఒరిజినల్ ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని తెరవండి (ఫోన్ రికార్డింగ్ ఎం4ఏ రకం ఫైల్ అయి తెరుచుకోకపోతే, అలాంటివి చదవడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ కూడా వేసుకోవాలి). వెనక ఫ్యాన్ మోత ఉంటే ముందు దాని సంగతి చూడండి, ఎందుకంటే సౌండ్ పెంచితే అదీ పెరుగుతుంది. ఫ్యాన్ ఒక్కటే వినిపించే ఒకటి రెండు సెకన్లు సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్‌లో ప్రొఫైల్ తీసుకోండి, తర్వాత ఫైల్ మొత్తానికి కొద్దిగా వాడండి. ఎక్కువ వాడితే మనిషి నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు కంట్రోల్ ఏ కొట్టి, ఎఫెక్ట్ మెనూలో యాంప్లిఫై తెరవండి. పైకప్పు తగలకుండా ఎంత పెంచొచ్చో అదే చూపిస్తుంది. పది, పన్నెండు చూపిస్తే అదృష్టవంతులు, న్యూ పీక్ మైనస్ 1 పెట్టి ఓకే కొట్టేయండి. 'అలౌ క్లిప్పింగ్' టిక్ జోలికి మాత్రం పోవద్దు. నాలాగా 2 చూపిస్తే క్యాన్సిల్ చేసి, జూమ్ చేసి గంట మోగిన ముక్కని మాత్రం పట్టుకుని యాంప్లిఫైలో మైనస్ 8 ఇవ్వండి. తర్వాత మళ్ళీ మొత్తం సెలెక్ట్ చేసి చూస్తే నాకు 2 కాస్తా 10 అయింది, ఒకటి వదిలేసి 9 పెంచాను.

గంట ఒకసారి కాకుండా పాట పొడుగునా చప్పట్లుంటే ఒక్కోటీ పట్టుకుని దించడం మన వల్ల కాదు, అప్పుడు ఎఫెక్ట్ మెనూలోనే ఉండే లిమిటర్ వాడాలి, అది ఒక హద్దు దాటిన మోతల్ని తనే అణిచేస్తుంది. కొత్త వర్షన్లలో త్రెషోల్డ్ (ఆ హద్దు) మైనస్ 6, మేకప్ టార్గెట్ (ఆ హద్దుని చివరికి ఎక్కడిదాకా లేపాలో) మైనస్ 1 పెడితే పాట 5 డెసిబెల్స్ పెరుగుతుంది, ఆ మైనస్ 6 దాటిన మోతలు అణుగుతాయి. ఇంకా లాగాలని ఆశపడితే గొంతులో ప్రాణం పోతుంది.

ఎంపీ3ని విప్పి సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత కాస్త పోతుంది కాబట్టి పని పూర్తయ్యేదాకా వేవ్‌లో ఉంచుకోండి. ఎడిటింగ్ ఏమీ లేదు, కారులో పెట్టుకునే పాటల్లో కొన్ని గట్టిగా కొన్ని మెల్లగా ఉన్నాయి అంతే అంటారా, అయితే ఎంపీ3గెయిన్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు, అది ఫైల్‌ని మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా 1.5 డెసిబెల్స్ మెట్లలో పెంచుతుంది, తగ్గిస్తుంది.

పంపేముందు ఇయర్‌ఫోన్స్‌లో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి గంట వచ్చే చోటు వినండి.