ప్యాచ్‌వర్క్‌లో మీ ప్యాచ్ స్టేటస్ కదలడం లేదా? ఇట్టా చూడండి

మెయిలింగ్ లిస్ట్‌కి వచ్చే ప్యాచ్‌లని, అంటే కోడ్ మార్పుల్ని, వాటి స్టేటస్‌తో సహా చూపించే వెబ్‌సైట్ ప్యాచ్‌వర్క్. అందులో మీరు పంపిన ప్యాచ్ పక్కన మూడు వారాలుగా ‘న్యూ’ అనే ఉందనుకోండి, లేదంటే అసలు మీ ప్యాచే కనపడటం లేదనుకోండి, వెంటనే మెయింటెయినర్‌కి (ప్యాచ్‌లు చూసి కోడ్‌లో కలిపే మనిషికి) ఇంకో మెయిల్ కొట్టొద్దు. ముందు పది నిమిషాలు కూర్చుని పాతబడింది ఏదో తేల్చండి. మీ స్క్రీన్ మీద కనపడేదా, ప్యాచ్‌వర్క్ దగ్గరున్న కాపీయా, లేక అన్నీ బాగానే ఉండి మనిషి మార్చాల్సిన స్టేటస్ ఎవరూ మార్చలేదా. మూడింటికీ మందు వేరు వేరు.

అల్లూరు దగ్గర మా బావకి రొయ్యల చెరువులున్నాయి. పొద్దున్నే వాట్సాప్‌లో రేట్లు వస్తాయి, 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) ఇంత, 50 కౌంట్ ఇంత, 100 కౌంట్ ఇంత అని. ఒకసారి ఎవరో ముందురోజు ఫొటోనే మళ్ళీ ఫార్వర్డ్ చేస్తే, పైన చిన్నగా ఉన్న తేదీ చూడకుండా బావ పట్టుబడికి మనుషుల్ని పిలిచేశాడు. అప్పటినుంచి ముందు తేదీ చూసి, కొనేవాళ్ళకి ఫోన్ చేసి అడిగాకే వల దించుతాడు. ప్యాచ్‌వర్క్ కూడా ఆ ఫొటో లాంటిదే. అసలు సంగతి ఉండేది రెండు చోట్లే, పాత మెయిళ్ళన్నీ దాచే మెయిలింగ్ లిస్ట్ ఆర్కైవ్‌లో, ప్రాజెక్టు అసలు కోడ్ ఉండే గిట్ ట్రీలో. ప్యాచ్‌వర్క్ లిస్ట్‌కి వచ్చే మెయిళ్ళు చదివి అందులో డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపే భాగం) ఉంటే ప్యాచ్‌గా రాసుకుంటుంది, అంతే. గిట్ ట్రీలోకి ఏం వెళ్ళిందో తనంతట తాను చూడదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ప్యాచ్ మాయమైందనిపిస్తే మొదట ఫిల్టర్ చూడండి. ప్రాజెక్టు పేజీ తెరవగానే కనపడేది మొత్తం లిస్టు కాదు, ‘యాక్షన్ రిక్వైర్డ్’ అనే ఫిల్టర్ ముందే పెట్టి ఉంటుంది. మామూలు సెటప్‌లో దాని కిందికి ‘న్యూ’, ‘అండర్ రివ్యూ’ రెండే వస్తాయి. అంటే మీ ప్యాచ్‌ని ఎవరో ‘చేంజెస్ రిక్వెస్టెడ్’ అని మార్చినా, చివరికి ‘యాక్సెప్టెడ్’ అయినా ఆ పేజీలోంచి వెళ్ళిపోతుంది. ప్యాచ్‌వర్క్‌లోనే ఆర్కైవ్ చేసి పక్కన పెట్టినవీ అంతే. ఫిల్టర్ తీసేసి, స్టేట్ ‘ఎనీ’ అని పెట్టి, ఆర్కైవ్ చేసినవి కూడా చూపించమని మళ్ళీ వెతకండి. పోయిందనుకున్న ప్యాచ్ చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

తేదీ విషయంలో ఇంకో తికమక ఉంది. ఎండాకాలం మా కావలిలో పగలు కూర్చుని పని చేయడం కష్టం, అందుకని నేను తెల్లవారుజామున 4 గంటలకి లేచి ప్యాచ్‌లు పంపుతుంటాను. సర్వర్ సమయం యూటీసీ, మనకన్నా 5 గంటల 30 నిమిషాలు వెనక, కాబట్టి నా ప్యాచ్ ముందురోజు రాత్రి 10:30 కింద పడుతుంది. ఈరోజు తేదీ కింద వెతుక్కుంటూ కూర్చుంటే ఎట్టా దొరుకుతుంది? పైగా ఆ తేదీ మెయిల్ హెడర్‌లోంచే తీసుకుంటుంది, అంటే మీ సిస్టమ్ గడియారం తప్పుగా ఉంటే ప్యాచ్ ఎక్కడో పాతవాటి మధ్యకి వెళ్ళిపోతుంది.

అప్పటికీ దొరక్కపోతే మెసేజ్ ఐడీ, అంటే ఒక్కో మెయిల్‌కి విడిగా ఉండే గుర్తు, పట్టుకోండి. గిట్ సెండ్ ఈమెయిల్‌తో పంపితే టెర్మినల్‌లోనే కనపడుతుంది, జీమెయిల్‌లో అయితే ‘షో ఒరిజినల్’ నొక్కాలి. ముందు దాన్ని లిస్ట్ ఆర్కైవ్‌లో వెతకండి, లైనక్స్ కెర్నెల్ అయితే లోర్ సైట్‌లో (lore.kernel.org). అక్కడే లేకపోతే తప్పు ప్యాచ్‌వర్క్‌ది కాదు, మీ మెయిల్ లిస్ట్‌కే చేరలేదు. హెచ్‌టీఎంఎల్‌లో పంపి ఉంటారు, లేదా లిస్ట్‌లో సభ్యులు కాకపోవడంతో మోడరేషన్‌లో ఆగి ఉంటుంది. ఆర్కైవ్‌లో ఉండి ప్యాచ్‌వర్క్‌లో లేకపోతేనే అసలు సమస్య. అప్పుడు మెయిల్‌లో డిఫ్ విరిగిపోయిందేమో చూడండి, మెయిల్ క్లయింట్ పొడుగు లైన్లని మడతపెట్టి ఉండొచ్చు. మీ ప్యాచ్ ఒక్కటే రాకుండా మిగతావాళ్ళ ప్యాచ్‌లు వస్తుంటే ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక ప్యాచ్ కనపడుతుంది, కానీ స్టేటస్ పాతది. ట్రీని గిట్ ఫెచ్ చేసి (కొత్త మార్పులు దించుకుని) మీ సబ్జెక్ట్ లైన్‌తో లాగ్‌లో వెతకండి. ఫెచ్ చేయకుండా మీ దగ్గరున్న పాత కాపీలో వెతికి ‘మెర్జ్ అవ్వలేదు’ అనుకోవద్దు, అదీ పాత డేటానే. మెయింటెయినర్ టైటిల్ మార్చి ఉంటే మీ పేరుతో వెతకండి, గిట్ ప్యాచ్ ఐడీతో (డిఫ్ నుంచి గిట్ లెక్కించే గుర్తుతో) పోల్చండి, అది ఖాళీలనీ లైన్ నంబర్లనీ పట్టించుకోదు. మీ మార్పు ట్రీలోకి వెళ్ళిపోయి స్టేటస్ ‘న్యూ’ అనే ఉంటే కంగారేం లేదు. చాలాచోట్ల ట్రీలోకి పుష్ చేసినప్పుడు డిఫ్ హ్యాష్ (డిఫ్ నుంచి లెక్కగట్టిన గుర్తు) చూసి స్టేటస్ మార్చే స్క్రిప్ట్ పెడతారు, మెయింటెయినర్ ఒక్క లైన్ సవరించి పెట్టినా ఆ హ్యాష్ కలవదు. అప్పుడు చేత్తోనే మార్చాలి.

సవరించిన రెండో వెర్షన్ (వీ2) పంపాక మొదటిది (వీ1) ఇంకా ‘న్యూ’ అని వేలాడుతుందా? ప్యాచ్‌వర్క్ దాన్ని తనంతట తాను ‘సూపర్‌సీడెడ్’ (దీని బదులు కొత్తది వచ్చింది) చేయదు, ఆ పనికి విడిగా బాట్ పెట్టుకున్న ప్రాజెక్టుల్లోనే జరుగుతుంది. మామూలుగా మీ ప్యాచ్ మీరే మార్చొచ్చు, అకౌంట్ తెరిచి, ఏ మెయిల్ నుంచి పంపారో దాన్ని ప్రొఫైల్‌లో లింక్ చేసి ఉండాలి. ఆఫీస్ మెయిల్‌తో పంపి ఇంటి మెయిల్‌తో లాగిన్ అయితే బటన్ కనపడదు. అయితే ముందు ప్రాజెక్టు పద్ధతి చదవండి. లైనక్స్ నెట్‌వర్కింగ్ వాళ్ళ దగ్గర రాసినవాళ్ళు నేరుగా మార్చలేరు, ఆ థ్రెడ్‌లోనే రిప్లై పెట్టి బాట్‌కి ఒక లైన్ ఆదేశం రాయాలి, అదీ ప్యాచ్ పంపిన అడ్రస్ నుంచే.

ఎవరైనా రివ్యూ ఇచ్చినా లిస్టులో మీ ప్యాచ్ పక్కనుండే రివ్యూల అంకె పెరగలేదంటే, ఆ రిప్లై మీ ప్యాచ్ థ్రెడ్‌కి అతుక్కుందో లేదో చూడండి. ఇన్ రిప్లై టు, రెఫరెన్సెస్ హెడర్లు రెండూ లేకుండా కొత్త మెయిల్‌గా పంపితే ప్యాచ్‌వర్క్‌కి అది ఏ ప్యాచ్ గురించో తెలియదు.

చివరిగా, అందరి డేటా ఆగిపోయిన సందర్భం. లిస్టులో అన్నిటికన్నా కొత్త ప్యాచ్ తేదీ చూడండి, ఆర్కైవ్‌లో కొత్త మెయిల్ తేదీ చూడండి. ఆర్కైవ్ ముందుకి పోతూ ప్యాచ్‌వర్క్ ఒక చోట నిలిచిపోయి ఉంటే మెయిళ్ళు లోపలికి తీసుకెళ్ళే పని సర్వర్‌లో ఆగింది. నేను పంపే ఒక ప్రాజెక్టులో ఇట్టాగే అయింది. అడ్మిన్‌కి ‘పని చేయడం లేదు’ అని కాకుండా, చివరిగా వచ్చిన మెయిల్ మెసేజ్ ఐడీ, ఆ తర్వాత రాని మొదటి మెయిల్ మెసేజ్ ఐడీ రెండూ ఇచ్చాను. ఆయన ఆ మధ్య కాలం ఎంబాక్స్ (మెయిళ్ళన్నీ ఒకే ఫైల్‌గా) దించుకుని పార్స్ ఆర్కైవ్ కమాండ్‌తో లోపలికి ఎక్కించారు. ఒకే మెసేజ్ ఐడీ రెండోసారి వస్తే ప్యాచ్‌వర్క్ వదిలేస్తుంది, అందుకని కాస్త ముందు నుంచి ఎక్కించినా నష్టం లేదు. రివ్యూ అంకెలు తేడాగా ఉంటే వాటిని మళ్ళీ లెక్కించడానికి రీట్యాగ్ అనే ఇంకో కమాండ్ ఉంది. సాయంత్రానికి ప్యాచ్‌లన్నీ వచ్చేశాయి, నా వీ1, వీ2 పక్కపక్కనే ‘న్యూ’ అని కనపడ్డాయి. వీ1ని ‘సూపర్‌సీడెడ్’ చేసి అడ్మిన్‌కి థాంక్స్ చెప్పి మెయిల్ పెట్టాను.