ఆదివారం లైవ్: హాల్లో బాగున్న ఆరాధన ఇంట్లో ఎందుకు బాగుండదు?

మా చర్చి సంఘంలో సౌండ్ చూసుకునేది నేనే. 2020 లాక్‌డౌన్‌లో స్టాండుకి ఫోన్ తగిలించి ఆదివారం ఆరాధన లైవ్ మొదలుపెట్టాం. తలుపులు తెరిచాక ఆపేద్దామనుకున్నాం గానీ కుదరలేదు. మోకాళ్ల నొప్పులతో రాలేని అమ్మమ్మలు, కువైట్‌లో పనికెళ్లిన అక్కలు అప్పటికే దానికి అలవాటుపడ్డారు. ఫిర్యాదులు వచ్చేదీ వాళ్ల దగ్గర్నుంచే. వాళ్ల మాటల్లోనే రాస్తున్నా.

"పాస్టర్ గారు బావిలోంచి మాట్లాడినట్టుంది"

కారణం: ఫోన్ హాలు వెనకాల ఉంది. స్పీకర్ల శబ్దం గోడలకీ రేకులకీ కొట్టుకుని దాని మైకులో పడుతోంది.

పరిష్కారం: ఫోన్ ఎక్కడైనా ఉండనీయండి, శబ్దం మాత్రం మిక్సర్ (మైకులన్నీ కలిపే పెట్టె) నుంచి వైరుతో తీసుకోండి. మధ్యలో చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మిక్సర్ శబ్దాన్ని ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి అందించే డబ్బా) పెట్టండి. మిక్సర్ లైన్ అవుట్‌ని (శబ్దం బయటికొచ్చే జాక్) నేరుగా ఫోన్ మైకు జాక్‌లో గుచ్చితే అంత సిగ్నల్ అది తట్టుకోదు, గొంతు గరగరలాడుతుంది.

"మాట స్పష్టంగా ఉంది బాబూ, పాటల్లో డోలక్ ఏదీ? మనవాళ్లు పాడట్లేదా?"

మొదటిది సరిచేసిన వారానికే ఇది వస్తుంది, రాసిపెట్టుకోండి.

కారణం: చిన్న హాల్లో డోలక్‌కి మైకు అక్కర్లేదు, నేరుగా చెవిన పడుతుంది. సంఘం పాడేదీ అంతే. మిక్సర్‌లోకి రానిది ఇంటికి ఎలా చేరుతుంది?

పరిష్కారం: డోలక్ దగ్గర ఒక మైకు, సంఘం వైపు తిప్పి ఇంకో మైకు పెట్టండి. ఆ రెండింటి ఫేడర్లు (మిక్సర్ మీద పైకీ కిందకీ జరిపే మీటలు) పూర్తిగా దించేసి, ప్రీ-ఫేడర్ ఆక్స్ (ఫేడర్‌తో సంబంధం లేకుండా శబ్దాన్ని విడిగా పంపే దారి) నుంచి లైవ్‌కి మాత్రం పంపండి. హాలు స్పీకర్లకి అవి వెళ్లవు కాబట్టి కూత పెట్టవు. వాక్యం (ప్రసంగం) మొదలయ్యాక సంఘం మైకుని ఆక్స్‌లో తగ్గించడం మరిచిపోకండి, లేదంటే ఫ్యాన్ల హోరే వినిపిస్తుంది. సరిచూసుకోవడానికి ఒకరు ఆవరణ దాటి వెళ్లి మామూలు ఫోన్ స్పీకర్‌లో వినాలి. అమ్మమ్మ వినేది దాంట్లోనే కదా.

"ఇయర్‌ఫోన్ పెడితే గొంతు ఉంది, తీసేస్తే లేదు"

దీంతో నాకు మూడు ఆదివారాలు పోయాయి.

కారణం: మిక్సర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌ని (ఒకే శబ్దాన్ని రెండు తీగల్లో, ఒకదాంట్లో తలకిందులు చేసి పంపేది) స్టీరియో ఇన్‌పుట్‌లో (ఎడమ, కుడి వేర్వేరుగా తీసుకునేది) పెట్టాను. అలా పెడితే ఎడమ వైపు వచ్చే సిగ్నలే కుడి వైపు తలకిందులై వస్తుంది. ఒకే స్పీకరున్న ఫోన్‌లో రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

పరిష్కారం: ఆ వైరు తీసి మోనో వైరు పెట్టండి. ఓబీఎస్‌లో (ల్యాప్‌టాప్ నుంచి లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) 'మోనో' టిక్ పెడితే ఈ సమస్య పోతుందనుకున్నాను. ఇయర్‌ఫోన్‌లో ఉన్న గొంతు కూడా పోయింది.

"గుండ్రంగా తిరుగుతోంది"

ఒక్క ఇంట్లోనే అయితే వాళ్ల నెట్. అందరికీ అయితే మన అప్‌లోడ్. స్పీడ్ టెస్టులో చాలామంది డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు. 720పీ నాణ్యతతో వీడియో పంపడానికి ఓబీఎస్‌లో 2,500 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) పెట్టుకుంటే, అప్‌లోడ్ కనీసం దానికి రెట్టింపు ఉండాలి. ల్యాప్‌టాప్‌కి వైఫై వద్దు, రూటర్ నుంచి వైరు లాగండి. వైఫై పాస్‌వర్డ్ యూత్ అందరికీ తెలిసిపోయి ఉంటే ముందు అది మార్చండి. రూటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో కూడా చూడండి.

"మేం ఆమేన్ అని పెట్టేసరికి మీరు వేరే మాటలో ఉంటారు"

యూట్యూబ్‌లో ఆలస్యం సహజం. సెట్టింగ్స్‌లో 'లో లేటెన్సీ' ఎంచుకుంటే కొంత తగ్గుతుంది. మరీ తక్కువది పెడితే నెట్ బలహీనంగా ఉన్న ఇళ్లలో మళ్లీ గుండ్రం తిరుగుతుంది. ప్రార్థన విన్నపాలు అడిగాక ఒక పాట పాడి, ఆ తర్వాత చదవండి. చదివేటప్పుడు రోగం పేరు, ఇంటిపేరు చదవకండి. ఆ వీడియో రేపు పెళ్లి సంబంధం వాళ్లూ చూస్తారు.

"లైవ్ చూడటం మాకు కుదరదు"

ఇక్కడ ఉదయం 10 అంటే కువైట్‌లో 7:30. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం పనిదినం. వాళ్లకి రెండు గంటల వీడియో లింకు పంపి లాభం లేదు. వాక్యభాగం మాత్రం కత్తిరించి వాట్సాప్‌లో ఆడియోగా పంపండి, వంట చేస్తూ వింటారు.